గుడ్డపిట్టలు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. ఒక మనిషిని నిజానికి ఎవరూ చూడకపోవడం, కానీ ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ నిశ్చింతగా ఉండటం. దొంగలన్నా, చీకటన్నా, ఆఖరికి సముద్రమన్నా నాకు అంత భయం లేదు.

పోయినవారం కథ మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే కొత్తగా పేజీ తిప్పినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను.

మా ఆయన సరుకు ఓడ మీద పని చేస్తాడు. తనంతట తానే నడిచే ఓడ అది. దారి అదే చూసుకుంటుంది. ఎదురొచ్చే ఓడల్ని అదే తప్పుకుంటుంది. వేగం అదే పెంచుతుంది, అదే తగ్గిస్తుంది. ఏదైనా పాడైతే బాగుచేయడానికి మాత్రం ఇద్దరు మనుషులు ఉంటారు. ఈసారి రెండో మనిషి, ముసలి ఇంజన్ మేస్త్రి, కడుపునొప్పి వచ్చి దారిలో ఒక రేవులో దిగిపోయాడు. వచ్చే రేవు దాకా ఒక్కడు చాలన్నారు కంపెనీవాళ్ళు. నడిసముద్రంలోకి వెళ్ళేముందు మా ఆయన పంపిన ఆఖరి మెసేజ్‌లో ఇలా ఉంది: "కాస్త జ్వరంగా ఉంది. మాత్ర వేసుకుని పడుకుంటా. బుడ్డదాన్ని చూసుకో." ఆ తర్వాత మాట లేదు. అంత లోపలికి వెళ్ళాక ఫోన్లు పలకవు కాబట్టి మాట లేకపోవడం మామూలేనని ఇంట్లో అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకోవడానికి ప్రయత్నించాను.

ఇక బుడ్డది, అంటే మా పాప. ఇంకా నిలబడలేదు గానీ పాకడంలో మహా జోరు. దాని తొట్టి పైన గోడకి ఒక చిన్న యంత్రపు కన్ను బిగించి ఉంది. మా మేనమామ కొడుకు, నాకు బావ, పాప పుట్టినప్పుడు కొనిచ్చాడు. తొట్టిలో కదలిక ఉంటే నా ఫోన్‌లో "పాప ఆడుకుంటోంది" అని వస్తుంది. పోయినవారం కథలో నేను వంటింట్లో ఉన్నాను, అత్తయ్య వరండాలో ఉంది. కోడలు చూస్తోందని అత్తయ్య ధైర్యం. ఫోన్ చూస్తోందని నా ధైర్యం. "ఆడుకుంటోంది, ఆడుకుంటోంది" అని ఫోన్ చెబుతూనే ఉంది. బుడ్డది తొట్టి తలుపు తోసుకుని, గది దాటి, గడప దాటి, మెట్ల అంచుకి పోయి కూర్చుంది. పైఇంటి టీచరమ్మ మెట్లెక్కుతూ చూసి చంకన వేసుకుని తెచ్చింది. నేను పరిగెత్తుకెళ్ళి తొట్టిలో చూస్తే, నేనే పాత బట్టలతో కుట్టి తొట్టి మీద వేలాడదీసిన గుడ్డపిట్టలు ఫ్యాన్ గాలికి ఊగుతున్నాయి. ఫోన్ అంతసేపూ చూసింది వాటిని.

అక్కడ ఆగాం.

మర్నాడు పొద్దున్నే ఆ కన్నుని గోడ నించి పీకి సంచిలో వేసుకున్నాను. బావకి ఇచ్చేసి వద్దామని బయల్దేరాను. బుడ్డదాన్ని నడుమున పెట్టుకుంటుంటే అత్తయ్య చేతులు చాపింది.

"దాన్ని నా దగ్గర వదిలి వెళ్ళవే. ఎండలో ఎందుకు తిప్పడం?"

"ఫర్వాలేదత్తయ్యా, తీసుకెళ్తాను."

అత్తయ్య చేతులు వెనక్కి తీసుకుంది. నొచ్చుకుందని తెలుసు. ఇంకొక రోజైతే ఏదో ఒక మాట చెప్పి సర్దేదాన్ని. ఆ రోజు నా వల్ల కాలేదు.

"వాడి సంగతి కూడా అడుగు," అంది చెప్పులు వేసుకుంటుంటే. "జ్వరం తగ్గిందో లేదో. తగ్గకపోయినా చెప్పి చావడు వెధవ. చిన్నప్పుడు కూడా అంతే, ఈగ వాలినా తోలుకోడు."

బావ పనిచేసేది రేవు ఒడ్డున ఉన్న నాలుగంతస్తుల భవనంలో. అక్కడ కూర్చునే సముద్రం మీద ఉన్న ఓడల్ని చూస్తుంటారు. మా ఆయన ఓడని చూసేది కూడా బావే. వాళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. నాకు సంబంధం తెచ్చింది బావే, మా ఆయనకి ఓడ ఉద్యోగం వేయించిందీ బావే. అందుకని ఏది బాగున్నా గొప్ప తనదంటాడు, ఏది బాగోలేకపోయినా తిట్లు తనే తింటాడు.

రెండో అంతస్తులో వచ్చినవాళ్ళు కూర్చునే గది ఉంది. ఒక పక్క గోడ మొత్తం గాజు. గాజు అవతల పెద్ద హాలు, దాని గోడ నిండా వరసల్లో చుక్కలు. బావ మెడలో బిళ్ళ, చేతిలో టీ కప్పుతో వచ్చాడు. నేను సంచిలోంచి కన్ను తీసి బల్ల మీద పెట్టాను.

"ఏం మరదలా, దీన్ని నా మొహాన కొట్టడానికి ఇంత దూరం వచ్చావా?"

"నీ మొహాన కొడితే అదే పగులుతుంది బావా. పట్టుకో, నాకొద్దు."

అప్పటికే అత్తయ్య ఫోన్ చేసి అంతా చెప్పేసినట్టుంది. బావ నవ్వలేదు. కన్నుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బుడ్డది వాడి మెడలో బిళ్ళ అందుకుని నోట్లో పెట్టుకుంది.

"ఇది పాడవలేదే," అన్నాడు నెమ్మదిగా. "కదిలితే కదిలిందని చెప్పమన్నాం, చెప్పింది. కదిలింది పిల్లో పిట్టో చెప్పమని మనం అడగలేదు."

"అడగాలని నాకేం తెలుసు? పిల్ల క్షేమం చూస్తుందని ఇచ్చావు, నమ్మాను."

"నాదే తప్పులే తల్లీ. టీ తాగుతావా?"

తాగనన్నాను. ఆయన సంగతి చెప్పమన్నాను. బావ నన్ను గాజు గోడ దగ్గరికి తీసుకెళ్ళి వేలితో చూపించాడు.

"అదుగో, నాలుగో వరస, కిటికీ వైపు. పెద్ద చుక్క ఓడ. పక్కనే చిన్న చుక్క ఉందే, అది మీ ఆయన."

రెండూ పచ్చగా ఉన్నాయి. పెళ్ళయినప్పటి నించి ఆయన్ని దువ్వుకోని తలతో, లుంగీతో, కోపంతో, నిద్రమొహంతో చూశాను గానీ, చుక్కలాగా చూడటం అదే మొదటిసారి. బుడ్డదానికి చూపించి "నాన్న" అన్నాను. అది గాజుని నాకింది.

"ఆ చిన్నది పచ్చగా ఉంటే ఏమిటి అర్థం?"

"వాడు కాపలా గదిలో ఉన్నట్టు. ఓడ ముందువైపు, పైన, దారి కనిపించే గది. అక్కడ ఒక కన్ను ఉంటుంది. మనిషి కదులుతుంటే పచ్చ. కాసేపు కదలిక లేకపోతే గంట మోగుతుంది. వాడు వెళ్ళి బటన్ నొక్కాలి. మావాళ్ళు దాన్ని 'ఉన్నావా గంట' అంటారు. ఉన్నావా అని అది అడుగుతుంది, ఉన్నానని వీడు నొక్కుతాడు."

"ఆయన మొహం కనపడదా అందులో?"

"కనపడదు. బొమ్మ తీయకూడదని ఓడవాళ్ళే గొడవ చేశారు, మీ ఆయనతో సహా. ముక్కు గోక్కున్నా ఒడ్డు మీద వాళ్ళకి కనపడాలా అన్నాడు. అందుకని ఉన్నాడు, లేడు, అంతే చెబుతుంది."

అది నాకు సబబుగానే తోచింది. ఆయన ముక్కు సంగతి నాకు తెలుసు.

బావ టీ తాగుతూ చుక్క వైపు చూసి తల ఊపాడు. తర్వాతి మాట వాడు నన్ను సంతోషపెట్టడానికే అన్నాడు.

"నిజం చెప్పనా, ఈ ట్రిప్పులో మన దిమ్మగాడు నన్ను ఆశ్చర్యపరిచాడు. ఇదివరకు వాడి డ్యూటీలో ఉన్నావా గంట మోగి మోగి చచ్చేది. కూచుంటే లేవడు కదా. ఈసారి మాత్రం ఒక్కసారి కూడా మోగలేదు! అస్తమానం కదులుతూనే ఉన్నాడు. పడుకునే వేళ కూడా అక్కడే తిరుగుతున్నాడు. పెళ్ళాం పిల్ల గుర్తొచ్చి బాధ్యత పెరిగిందిరా అనుకున్నాం మేమంతా."

ఆయన్ని బళ్ళో దిమ్మ అనేవారు. మేస్టారు గోడకుర్చీ వేయిస్తే మిగతా పిల్లలు ఏడ్చేవారట, ఈయన అలాగే నిద్రపోయేవాడట. పెళ్ళిచూపుల్లో కూడా మూలన కుర్చీలో కూర్చుని వెళ్ళేదాకా లేవలేదు. కాలు బాగోలేదేమో అడగమని మా అమ్మ నన్ను లోపలికి పిలిచి చెప్పింది. ఇంట్లో ఉన్నప్పుడు ఆయన పక్కన బుడ్డది పాకి, ఎక్కి, దిగి, జుట్టు పీకి వెళ్ళిపోయినా కూర్చున్న చోటు మారదు.

"బావా," అన్నాను. "నీకు తెలిసిన దిమ్మ అస్తమానం కదులుతాడా?"

"మారాడేమో అంటున్నాగా."

"జ్వరంతోనా?"

బావ కప్పు దించాడు. "జ్వరమా?"

మెసేజ్ చూపించాను. చదివి తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఈ సంగతి మాకు చెప్పలేదు వాడు."

"ఫోన్ చెయ్యి. మీ దగ్గరనించి చేస్తే పలుకుతుందిగా ఓడలో ఫోను."

 బుడ్డది బిళ్ళ లాగుతోంది, వాడు మెడ వంచాడు గానీ విడిపించుకోలేదు.

"చేశాను," అన్నాడు. "నిన్న చేశాను. మళ్ళీ ఇవాళ పొద్దున చేశాను. ఎత్తలేదు. ఇంజన్ కిందకి దిగితే వినపడదు. ఎత్తకపోయినా బోర్డు మీద ఉన్నాడు కదా అని ఊరుకున్నా."

"ఇంజన్ దగ్గరుంటే కాపలా గదిలో పచ్చగా ఎలా ఉంది బావా?"

నాది తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయిన చదువు. నాకు ఓడల సంగతి ఏమీ తెలియదు. తెలివిగా అడగాలని అడిగిన మాట కాదది, నిజంగా తెలియక అడిగాను. బావకి మాత్రం ఆ మాటతో మొహంలో రంగు పోయింది.

అప్పుడు నాకు బల్ల మీద కన్ను కనపడింది, తొట్టి గుర్తొచ్చింది. బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. గుడ్డపిట్టలు నేను కుట్టింది ఒక గుత్తి కాదు, రెండు. ఒకటి తొట్టికి. రెండోది ఆయన పట్టుకెళ్ళాడు. ఈసారి ఓడ ఎక్కిన కొత్తల్లో పంపిన ఫొటో ఫోన్‌లో వెతికాను. బుడ్డది పుట్టిన దగ్గరనించి నా ఫోన్ నిండా దాని ఫొటోలే, ఎంత జరిపినా అయిపోవు. చివరికి దొరికింది. పెద్ద కిటికీ, వెనక సముద్రం, కిటికీ పైన దారానికి ఎర్రవీ పచ్చవీ పిట్టలు. కింద రాశాడు: "నీ పిట్టలు ఇక్కడ తెగ ఎగురుతున్నాయి. మనిషి తోడున్నట్టుంది."

పిట్టల పక్కన గోడకి అరచేతిలో పట్టేంత నల్లటి కన్ను ఉంది.

బావ ఫొటో పెద్దది చేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఓడ ఊగుతోందా బావా?"

"ఈ వారమంతా ఊగుతోంది. అలలు పక్కనించి కొడుతున్నాయి."

ఇద్దరం గాజు వైపు చూశాం. చిన్న చుక్క పచ్చగా, హాయిగా ఉంది. నేను కుట్టిన గుడ్డముక్కలు మా ఆయన తరఫున ఉన్నాను ఉన్నానని చెబుతున్నాయి.

"కంగారుపడకు," అన్నాడు బావ. కంగారుపడుతున్నది వాడే. "వాడు పిట్టల కిందే కుర్చీలో కూర్చుని ఉండొచ్చు. ఫోన్ మోగుతున్నా లేవని రకమేగా. ఓడకి ఏమీ కాలేదు, అది మాత్రం ఖాయం. ఆ ఓడ మనకంటే నయం మరదలా. దానికి నిద్ర రాదు, జ్వరం రాదు. పోయినేడు మంచులో ఒకడు దాన్ని నమ్మక చుక్కాని తన చేతిలోకి తీసుకుని ఇంకో ఓడ మీదకి తోలబోయాడు. ఓడ చెప్పిందే నిజమైంది."

"నేనడిగేది ఓడ గురించి కాదు. ఓడ బాగానే ఉంది. సరిగ్గా అనుకున్న వేళకి రేవుకి వస్తుంది, సరుకు దింపుతుంది. ఆయన ఉన్నా వస్తుంది, లేకపోయినా వస్తుంది. అదే కదా బావా నా ఏడుపు. ఓడ పాడైనా బాగుండేది, ఎవరో ఒకరు వెళ్ళి చూసేవాళ్ళు."

ఆ మాట అన్నాక నాకే భయం వేసింది. బుడ్డది నా గొంతు విని మూతి వంకర పెట్టింది. దాన్ని భుజాన వేసుకుని తట్టాను.

"ఇన్నాళ్ళూ నువ్వు దేన్ని చూస్తున్నావు?" అన్నాను నెమ్మదిగా.

"బోర్డుని," అన్నాడు బావ. "ఓడ వాడిని చూస్తోందని నేను. వాడు ఓడని చూస్తున్నాడని కంపెనీ. నేను ఇద్దర్నీ చూస్తున్నానని నువ్వు."

ఇక వాణ్ణి ఏమని తిట్టను? నిన్న ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడిన నన్ను ఎవరేమన్నారు గనక?

బావ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. పని గురించి మాట్లాడేటప్పుడు వాడి గొంతు వేరేగా ఉంటుంది.

"ఒక దారి ఉంది. ఓడ ముక్కుని అలలకి ఎదురుగా తిప్పితే పక్కకి ఊగడం ఆగిపోతుంది. అప్పుడు నీ పిట్టలు ఆగుతాయి. పిట్టలు ఆగితే చుక్క పసుపు అవుతుంది, గంట మోగుతుంది. పసుపు చూసి హడలిపోకు. దిమ్మగాడు కదలకుండా కూర్చున్నా పసుపే అవుతుంది. బటన్ నొక్కాడా, మళ్ళీ పచ్చ. నొక్కకపోతే రెండో గంట వాడు పడుకునే గదిలో మోగుతుంది. దానికీ లేవకపోతే మూడోది ఓడంతా మోగుతుంది, పైవాళ్ళకి రిపోర్టు వెళ్తుంది, దగ్గర్లో ఏ ఓడ ఉంటే దాన్ని పంపిస్తారు."

"తిప్పు మరి."

"మూడో గంట దాకా పోయి, వాడు ఉత్తినే నిద్రపోతున్నాడని తేలితే ఉద్యోగం ఉండదు. కన్ను ముందు పిట్టలు కట్టాడని తెలిస్తే ఇంకెక్కడా ఎక్కించుకోరు. అది కూడా విను. తర్వాత నన్ను అనొద్దు."

అద్దె, పాలు, అత్తయ్య మందులు, అన్నీ ఆ ఉద్యోగం మీదే. ఆలోచించలేదని చెబితే అబద్ధం అవుతుంది. ఆలోచించాను. బుడ్డదాని వీపు మీద చెయ్యి ఆగినంతసేపు.

"ఉద్యోగం పోతే మనిషి ఇంటికొస్తాడు. రానీ. కుర్చీలో కూర్చోబెట్టి నేనే తిట్టుకుంటా."

బావ లేచి గోడకున్న ఫోన్ ఎత్తాడు. వాళ్ళ షిఫ్టు మేడమ్‌కి చేశాడు. "మేడమ్, నాలుగో వరసలో ఓడకి పక్క అలలు ఎక్కువగా ఉన్నాయి. సరుకు జరుగుతుందేమోనని కాసేపు ముక్కు తిప్పుదామనుకుంటున్నా." అవతల ఏదో ఒక్క మాట. పెట్టేశాడు.

"అంతేనా?" అన్నాను.

"సరుకు కోసమంటే అంతే. మనిషి కోసమంటే ఇంకా సంజాయిషీ చెబుతూ ఉండేవాణ్ణి." అని నా వైపు చూడకుండా హాల్లోకి వెళ్ళిపోయాడు.

గాజు ఇవతలే నిలబడ్డాను. బావ తన బల్ల దగ్గర కూర్చుని ఏవో నొక్కాడు. ఎక్కడో నా ఊహకి అందనంత దూరంలో, అంత పెద్ద ఓడ, ఎందుకని అడగకుండా తిరగడం మొదలుపెట్టింది. ఇక్కడ మాత్రం చుక్క పక్కనున్న చిన్న గీత మెల్లగా ఒరిగింది, అంతే. పక్క బల్ల అతను జోక్ చెప్పి నవ్వుతున్నాడు. ఒకావిడ మొక్కకి నీళ్ళు పోస్తోంది. బుడ్డది నా భుజం మీద చొంగ కారుస్తూ నిద్రపోయింది.

పిట్టల్ని తలుచుకున్నాను. ఎర్ర పిట్టకి తోక సరిగా కుదరలేదు, విప్పి మళ్ళీ కుడతానంటే ఆయన వద్దన్నాడు. ఇప్పుడవి పెద్దగా ఊగుతూ ఉంటాయి. ఆ తర్వాత కాస్త. ఆ తర్వాత ఇంకాస్త తక్కువ. ఆగండర్రా అని మనసులో అన్నాను. వెంటనే, ఆగొద్దనిపించింది.

చుక్క పసుపు అయింది.

హడలిపోవద్దని బావ ముందే చెప్పాడు కాబట్టి హడలిపోలేదు. ఉన్నావా అని గంట అడుగుతూ ఉంటుంది. ఆయన కుర్చీలో ఉంటే విసుక్కుంటాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, అబ్బా అంటూ లేస్తాడు. ఆయన లేవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. అంతసేపూ ఆగాను. ఆయన్ని ఒకసారి కాదు, మనసులో మూడుసార్లు లేపాను.

చుక్క పసుపుగానే ఉంది.

బావ కుర్చీలోంచి లేచాడు. గాజు అవతలనించి రెండు వేళ్ళు చూపించాడు. రెండో గంట. అది ఆయన మంచం పక్కన మోగుతోంది ఇప్పుడు. పక్క బల్ల అతను నవ్వడం ఆపి బోర్డు వైపు చూశాడు. మొక్కకి నీళ్ళు పోస్తున్నావిడ కూడా చూసింది. ఇన్నాళ్ళకి ఆ హాల్లో అందరూ కలిసి మా ఆయన్ని చూస్తున్నారు.

ఆ గంట ఇంకా మోగుతోంది. ఆగిందో లేదో తెలిసేదాకా నేను ఈ గాజు దగ్గరనించి కదలను. ఈలోగా మీరు నాకో పని చేసిపెట్టండి. మీ ఇంట్లో కూడా పక్క గదిలోనో, మేడమీదో, ఫోన్‌కి అవతలో, బాగానే ఉన్నారులే అని మీరు ఊరుకున్న మనిషి ఒకరు ఉంటారు. చదువుతున్నది పక్కన పెట్టి, ఒకసారి లేచి వెళ్ళి చూసి రండి. తలుపు సందులోంచి కాదు. మొహం చూడండి.